అద్దం లోపలి తమ్ముడు

"చంపింది నేనే. ఎన్నిసార్లు చెప్పమంటారు? ఈ చేతుల్లోనే ముక్కలు ముక్కలైపోయాడు చిన్నోడు."

మంచం మీది పెద్దాయన ఈ మాట నాతో అనలేదు. నా భుజం మీదుగా, గోడకున్న కొక్కేన్ని చూస్తూ అన్నాడు. కొక్కేనికి ఒక పాత చొక్కా వేలాడుతోంది. కాసేపు దాన్నే చూసి చిన్నగా నవ్వి, "ఎంతసేపు నిలబడతావురా, కూర్చో" అన్నాడు.

పట్టపగలు. కిటికీ బార్లా తెరిచి ఉంది. అయినా నేను వెనక్కి తిరిగి చూశాను. చొక్కాయే.

"విన్నారుగా నర్సమ్మగారూ? ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్.

ఈయన సంగతి ముందే చెప్పేస్తే మంచిది. అందరూ ఈయన్ని చాటుగా ఇస్త్రీ అంటారు. వానలో నిలబెట్టినా చొక్కా మడత చెదరదు. ఒకసారి ఏర్పరచుకున్న అభిప్రాయం కూడా అంతే. నేను చాలా ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, తర్వాత డిటెక్టివ్ పనిలోకి వచ్చినదాన్ని. బోర్డు మార్చుకున్నా పిలుపు మారలేదు, జనానికి ఇప్పటికీ సిస్టరమ్మనే. ఇస్త్రీ మాత్రం 'నర్సమ్మగారు' అని సాగదీసి పిలుస్తాడు. నేను ఆయన కేసుల్లో రెండింటిని తిరగేసినప్పటి నుంచీ ఆ సాగదీత ఇంకాస్త పెరిగింది.

నన్ను పిలిపించింది పెద్దాయన కూతురు. మంచం తలాపి పక్కన నిలబడి చీర కొంగు నలుపుతోంది. దారిలో ఆమె ఫోన్‌లో చెప్పిన కథ చిన్నదే. తండ్రి, బాబాయి కలిసి అద్దాలు తయారు చేసే కార్ఖానా నడుపుతున్నారు. కార్ఖానాకీ ఈ ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. సోమవారం పనివాళ్ళకి సెలవు. ఆ రోజు పొద్దున అన్నదమ్ములిద్దరే లోపలున్నారు. ఒక అద్దం పగిలి పెద్దాయన అరచెయ్యి తెగింది. ఇంట్లోకి వచ్చి సొమ్మసిల్లాడు, తేరుకున్నాక ఏం జరిగిందో గుర్తులేదన్నాడు. ఆ రోజు మూసిన కార్ఖానా మళ్ళీ తెరవలేదు, చిన్నాయన ఎవరికీ కనిపించలేదు. ఎక్కడికో వెళ్ళి ఉంటాడులే అనుకున్నారు. ఇవాళ గురువారం. నిన్నటి నుంచి పెద్దాయన, తమ్ముణ్ణి తనే చంపానంటున్నాడు.

"మా నాన్న చీమకి కూడా దారిచ్చే మనిషి సిస్టరమ్మా! బాబాయిని చంకనెత్తుకుని పెంచాడు. ఆయనకి ఏదో అయింది. ఆయన్ని కాపాడండి, బాబాయిని వెతికిపెట్టండి" అంది ఆమె.

"ఆయనకేమీ కాలేదమ్మా, దొరికిపోయాడంతే" అన్నాడు ఇస్త్రీ.

నేను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. "పెద్దాయనా, ఇది ఏ ఊరు? మనం ఎక్కడున్నాం?"

"రైల్లో." ఏమాత్రం తడబాటు లేదు. "దిగాల్సిన స్టేషను దాటిపోయింది."

"ఈమె ఎవరు?"

కూతుర్ని చాలాసేపు చూశాడు. మొహంలో ఏదో వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. "మా అమ్మ" అన్నాడు. కూతురు మొహం పక్కకి తిప్పుకుంది.

ఆయన బాగున్న చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "నేను అంకెలు చెబుతాను. ఏడు అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కండి. అంతే." నాలుగు, ఏడు, రెండు అన్నాను. ఏడుకి నొక్కాడు. మళ్ళీ చెప్పాను. రెండో ఏడు దాటిపోయింది. మూడోసారి ప్రతి అంకెకీ నొక్కాడు. ఆ తర్వాత నా చెయ్యి వదిలేసి దుప్పటి మీద ఏదో ఏరడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో పట్టి, పైకెత్తి, వెలుగులో చూసి, పక్కన పెడుతున్నాడు. దుప్పటి మీద ఏమీ లేదు.

"గాజు ముక్కలు. పిల్లలు తిరిగే చోటు. గుచ్చుకుంటాయి" అన్నాడు, నేను అడక్కుండానే.

"ఎప్పటి నుంచి ఇలా ఏరుతున్నారు?" అని కూతుర్ని అడిగాను.

"నిన్న సాయంత్రం నుంచి. రాత్రంతా కళ్ళు మూయలేదు. పగలు పిలిచినా పలకనంత మత్తు. పొద్దున్న కాసేపు మామూలుగానే ఉన్నాడు, నన్ను పేరు పెట్టి పిలిచాడు కూడా."

"అదీ!" ఇస్త్రీ వేలెత్తాడు. "పొద్దున్న నాతో పేరు, వయసు, పని, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. తమ్ముణ్ణి చంపానని ఏడ్చాడు. శవం ఎక్కడ అనేసరికి, అద్దంలో ఎడమ పక్క కిందికి పోయాడన్నాడు. ఇప్పుడు మీరు రాగానే చొక్కాతో కబుర్లు, దుప్పటి మీద గాజు ముక్కలు. దీన్ని నాటకం అనక ఏమంటారు?"

"నాటకమాడేవాడు ఒక వేషం కట్టాడంటే దాన్నే పట్టుకుని వేలాడతాడు ఇన్‌స్పెక్టర్‌గారూ! మధ్యలో తీసి పక్కన పెట్టడు, దొరికిపోతాడు గనక. ఇలా పొద్దున ఒకలా మధ్యాహ్నం ఒకలా, వస్తూ పోతూ ఉండే కరెంటులా ఉందంటే అది వేషం కాదు."

"మరి?"

జవాబు చెప్పే ముందు ఇంకొంచెం చూడాలనుకున్నాను. రెండు చేతులూ ముందుకు చాపి, వస్తున్న బండిని ఆపుతున్నట్టు పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. క్షణం ఆగి మణికట్లు రెండూ వాటంతటవే వాలిపోయి, ఉలిక్కిపడి మళ్ళీ లేచాయి. మళ్ళీ వాలాయి. ఆయనకి అది తెలుస్తున్నట్టే లేదు. ఊపిరి చూశాను. పరుగెత్తి వచ్చిన మనిషిలా రొప్పుతున్నాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. పంచె పైకి జరిపితే మోకాళ్ళ చుట్టూ ఊదారంగు వల పరిచినట్టు మచ్చలు. ఆ మచ్చలు నేను వార్డులో చూశాను. చూసిన ప్రతిసారీ డాక్టర్లు పరుగులు పెట్టారు.

"ఒంటికి వెళ్ళి ఎంతసేపయింది?"

"నిన్న రాత్రి నుంచి వెళ్ళలేదు" అంది కూతురు.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. చేతిలో దూది, గుడ్డపట్టీల పొట్లంతో అల్లుడు లోపలికి వచ్చాడు. ఈయనకి వీధి చివర మందుల షాపు ఉంది. చదివింది డాక్టరీ కాదు, కానీ చుట్టుపక్కల అందరికీ డాక్టరల్లుడే. గొంతు మెత్తన, నడక మెత్తన. వచ్చీ రాగానే మావగారి తల కింద దిండు సర్దాడు.

"జ్వరం కూడా లేదండీ. వయసు మీద పడింది, చాదస్తం. బాబాయిగారు కనబడకపోయేసరికి బెంగ. నేనే రోజూ కట్టు మారుస్తున్నాను" అన్నాడు నాతో, దోషిలా తల వంచుకుని.

"మీ మావగారు ఇలా అంటున్నారని పోలీసులకి చెప్పింది ఎవరు?"

"పాపం, ఈయనే" అన్నాడు ఇస్త్రీ. "ఏడుస్తూ వచ్చి చెప్పాడు. సొంత మావ మీద చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి."

నేను ఆలోచించలేదు. నా ధ్యాసంతా చేతికట్టు మీద ఉంది. విప్పడం మొదలుపెట్టాను. పై పొరలు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. లోపలికి పోయే కొద్దీ గోధుమరంగు, ఆ కింద నలుపు. చివరి పొర చర్మానికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళతో తడిపి లాగేసరికి గదంతా వాసన కొట్టింది. కూతురు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అరచేతి గాయం అంచులు నల్లబడ్డాయి, మధ్యలో సన్నటి గాజు పలుకు ఇంకా తళుక్కుమంటోంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చార పాకింది.

"ఇదా మీరు రోజూ మార్చిన కట్టు? పై పొర తీసి కొత్త పొర చుట్టారు, లోపలిది సోమవారం నాటిది. గాజు ముక్క కూడా తియ్యలేదు. షాపులో మందులు అమ్మినంత మాత్రాన వైద్యం వచ్చేస్తుందా?" నాకు ఒళ్ళు మండిపోయింది.

"నొప్పి అని గోల చేస్తుంటే లోపల ముట్టుకోలేకపోయానండీ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతకాని మంచివాడు అనుకున్నాను. చేతకానివాళ్ళంటే నాకు కోపం, కానీ అనుమానం ఉండదు.

ఇస్త్రీ వైపు తిరిగాను. "ఈయనకి సెప్సిస్. చేతిలో పట్టిన చీము రక్తంలోకి పాకింది. దానితో పోట్లాడుతూ ఒళ్ళు తన మీద తనే తిరగబడుతుంది. మూత్రపిండాలు ఆగుతున్నాయి, ఊపిరి ఎగదన్నుతోంది. చాలామందిలో అన్నిటికంటే ముందు అరిచేది మెదడే. మాట మారుతుంది, రాత్రీ పగలూ తారుమారవుతాయి, ఒక విషయం మీద మనసు నిలవదు, లేనివి కనబడతాయి. ఇంట్లోవాళ్ళు చాదస్తం అనుకుంటారు, మీబోటివాళ్ళు నాటకం అనుకుంటారు."

"జ్వరం లేదంటున్నాడుగా?"

"నన్ను భయపెడుతున్నది అదే. ఒళ్ళు చల్లబడుతోంది. వెంటనే ఆసుపత్రికి పంపాలి."

"కుదరదు. నేరం ఒప్పుకున్న మనిషి. శవం సంగతి తేలేదాకా ఈ గది దాటడు. కార్ఖానాలో ఎడమ మూల తవ్విస్తున్నాను, ఇంకో గంటలో..."

"ఇంకో గంటలో మీరు ఈయన శవం కూడా లెక్కేసుకోవాల్సి వస్తుంది. చిన్నాయన ఏమయ్యాడో చెప్పగలిగిన నోరు ఈ భూమ్మీద ఇదొక్కటే. దాన్ని మూయించి ఎవరిని ప్రశ్నిస్తారు, కొక్కేనికున్న చొక్కానా?"

ఇస్త్రీ దవడ బిగుసుకుంది. గోడ అవతల కార్ఖానాలో కానిస్టేబుళ్ళ గునపాల చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగింది. పెద్దాయన తల పక్కకి వాల్చి చెవి గోడకి ఆనించాడు.

"కొడుతున్నాడు" అన్నాడు గుసగుసగా. "అద్దం లోపల్నుంచి కొడుతున్నాడు. చెప్పండమ్మా వాడికి, అలా కొడితే చెయ్యి తెగుతుంది."

గునపాలు మళ్ళీ మొదలయ్యాయి. "నిన్నటి నుంచీ ఇదే మాట" అంది కూతురు.

"ఇదీ జబ్బే. లేని చప్పుళ్ళు వినబడతాయి" అన్నాను నేను, పెద్ద తెలిసినట్టు.

చివరికి ఇస్త్రీ దిగివచ్చాడు. ఆంబులెన్సులో ఒక కానిస్టేబుల్ కూడా ఎక్కాలన్నాడు. సరేనన్నాను. ఇంటి మనిషి ఎవరైనా తోడుండాలి. కూతురు కార్ఖానా తాళాలతో ఇక్కడ ఉండక తప్పదు. "నేను వెళతానండీ. మందుల సంగతి కాస్త తెలిసినవాణ్ణి" అన్నాడు డాక్టరల్లుడు. "ఈసారి డాక్టర్లు చెప్పిందే చెయ్యండి, సొంత తెలివి వాడకండి" అని నేనే ఆయన్ని బండెక్కించాను. స్ట్రెచరు కదులుతుంటే పెద్దాయన గాజు ముక్కలు ఏరుతూనే ఉన్నాడు. అల్లుడు ఆయన మీద దుప్పటి మెడదాకా కప్పాడు.

కార్ఖానాలో అడుగుపెడితే ఎవరికైనా కాళ్ళు ఆగుతాయి. మూడు గోడల వెంబడీ నిలువెత్తు అద్దాలు. కానీ ఒక్కదాంట్లోనూ మనం కనబడం. అన్నీ మొహం గోడకి పెట్టి, నల్లటి వీపులు మనవైపు తిప్పుకుని నిలబడి ఉన్నాయి. పూత ఆరేదాకా అలాగే ఉంచుతారని కూతురు చెప్పింది. చెప్పాక కూడా, ఇంతమంది ఉన్న గదిలో ఎవరూ నన్ను చూడనట్టు అనిపించింది.

ఎడమ మూలలో నడుం లోతు గొయ్యి. అందులో ఇద్దరు కానిస్టేబుళ్ళు, చుట్టూ మట్టి. దొరికింది మాత్రం ఏమీ లేదు.

"మీ నాన్న ఎక్కడ కూర్చుని పని చేస్తారు?" అని అడిగాను.

కిటికీ కింద ఒక పొట్టి స్టూలు చూపించింది. దాని చుట్టూ నేల మీద ఎండిన రక్తం. పగిలిన అద్దం ముక్కలు ఒక పక్కకి ఊడ్చి ఉన్నాయి. ఇస్త్రీ స్టూలు దగ్గర నిలబడి గది వైపు తిరిగి, ఎడమచెయ్యి చాపాడు. "ఇక్కడ నిలబడి చూస్తే ఎడమ మూల అదే. గొయ్యి సరిగ్గా అక్కడే తవ్వాం."

"ఈ రక్తం ఎవరిదో చూశారా?"

"చచ్చినవాడిది."

"చుక్కలన్నీ స్టూలు చుట్టూనే పడ్డాయి, ఆ తర్వాత ఇంటి గుమ్మం దాకా వరసగా వెళ్ళాయి. తెగిన చెయ్యి పట్టుకుని ఒక మనిషి ఇంట్లోకి నడిచి వెళ్ళిన దారి ఇది. పెద్దాయన రక్తమే ఇదంతా. చచ్చినవాడు నడిచి వెళ్ళడుగా?"

ఇస్త్రీ వంగి ఆ చుక్కల వెంట గుమ్మం దాకా చూశాడు. నేను స్టూలు మీద కూర్చోబోయాను.

"అలా కాదు సిస్టరమ్మా! నాన్న గదికి వీపు పెట్టి కూర్చుంటాడు. కొత్త అద్దం పరీక్ష చెయ్యాలంటే అలాగే" అంది కూతురు.

"అంటే?"

ఆమె ఎదుటి గోడ చూపించింది. పైకప్పు నుంచి నేల దాకా తెల్లటి దారాలు నిలువుగా బిగించి కట్టి ఉన్నాయి. "అద్దాలవాళ్ళు కొత్త అద్దంలో సొంత మొహం చూసుకోరు. మొహం వంకరగా ఉందో అద్దం వంకరగా ఉందో ఎలా తెలుస్తుంది, అంటాడు నాన్న. ఆ దారాలకి వీపు పెట్టి కూర్చుని, అద్దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ వంచుతూ వెనక దారాలు చూస్తాడు. దారం ఎక్కడైనా వంగిందంటే ఆ పలక పనికిరాదు."

గది తలకిందులైనట్టయింది నాకు. బల్ల మీద నుంచి ఒక చిన్న అద్దం తీసుకుని, గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల్తో ఎదురుగా పట్టుకున్నాను. అద్దంలో నా వెనక ఉన్న గదంతా ఉంది. తెల్ల దారాలు, ఇస్త్రీ, కూతురు. ఎడమ పక్కకి వంచాను. ఒక మూల, దాన్నిండా చెక్కపెట్టెలు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, పెద్దాయన మీతో ఏమన్నాడు? మాట పొల్లుపోకుండా చెప్పండి."

"అద్దంలో ఎడమ పక్క, కిందికి పోయాడు అని."

"మీరు ఎడమ పక్క అన్నది పట్టుకున్నారు, అద్దంలో అన్నదాన్ని పిచ్చి మాట కింద కొట్టేశారు. ఆయన ఆ రోజు కూర్చున్నట్టే నేనిప్పుడు కూర్చున్నాను. అద్దంలో నా ఎడమన ఉన్న మూల ఇది." స్టూలు మీదే వెనక్కి తిరిగి, కుడిచెయ్యి చాపాను. "గది వైపు తిరిగితే అదే మూల కుడివైపుకి వస్తుంది. మీరు తవ్వింది దీనికి ఎదురు మూల."

ఇస్త్రీ మొహం ఎర్రబడింది. నేను ఆగలేదు, ఆగలేకపోయాను. ఆ ఒప్పుకోలు ఎలా పుట్టిందో ఇప్పుడు కళ్ళకి కట్టినట్టుంది. "ఆయన దారాలు చూస్తున్నాడు. వెనక తమ్ముడు అద్దంలో కనబడ్డాడు. కనబడుతుండగానే కిందికి పోయాడు. అదిరిపడి చేతుల్లో అద్దం వదిలేశాడు. తమ్ముడున్న అద్దం ఆయన చేతుల్లోనే ముక్కలైంది. ఆ తర్వాత మెదడు మంటల్లో పడింది. రెండు రోజులు అదే తిరిగి తిరిగి, అద్దం పగలగొట్టినవాడే తమ్ముణ్ణి పగలగొట్టినవాడయ్యాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి అలాగే కనబడుతోంది."

కూతురు ఏడుస్తోంది, కానీ ఆమె చూపు ఆ మూల పెట్టెల మీదే ఉంది. "ఇవి ఎవరు పెట్టారు?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకు?"

"పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చారు. మా దగ్గర పెట్టెని ఎవరూ పడుకోబెట్టరు. లోపల అద్దముంటే విరుగుతుంది. ఖాళీది కూడా అంచు మీదే నిలబెడతాం, చేతికి అంత అలవాటు. చిన్నప్పుడు నేనొకటి పడుకోబెట్టానని నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. నాన్న గానీ బాబాయి గానీ, పనివాళ్ళు గానీ ఇలా పెట్టరు."

"అయితే పెట్టింది బయటి మనిషి. వీటి కింద ఏముంది?"

"పాత కడుగు గుంట. పూత వేసిన అద్దాలు కడిగిన నీళ్ళు అందులో పడేవి. వాడటం మానేసి చెక్కలు కప్పేశారు. మా ఇంటి కిందుగా దానికి ఒక గొట్టం ఉండేది."

ఇంటి కిందుగా. పెద్దాయన మంచం ఆనుకుని ఉన్న గోడ గుర్తొచ్చింది. గొయ్యిలోని కానిస్టేబుళ్ళని గునపాలు కింద పెట్టమన్నాను. "చప్పుడు చెయ్యకండి. ఎవరూ కదలకండి."

అద్దాల నల్లటి వీపుల మధ్య అందరం బొమ్మల్లా నిలబడ్డాం. మొదట ఏమీ లేదు. తర్వాత నేల లోపల్నుంచి, ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చినట్టు, ఇనుము మీద ఇనుము తగిలింది. టక్. ఆగింది. టక్, టక్.

పక్కగదిలో పెద్దాయన గోడకి చెవి ఆనించి విన్నది ఇదే. జబ్బు మనిషి చెప్పినవన్నీ జబ్బే అనుకున్నాను. ఇస్త్రీ చేసిన తప్పే అటునుంచి నేనూ చేశాను.

పెట్టెలు లాగి పడేసింది ముందుగా ఇస్త్రీయే. చొక్కా చంకల్లో చిరిగింది, చూసుకోలేదు. చెక్కలు లేపేసరికి తుప్పు వాసన, బురద వాసన కొట్టాయి. టార్చి వెలుగు లోపలికి దించాడు. మోకాలి లోతు కూడా లేని నల్లటి నీళ్ళలో, గోడకి జారగిలబడి ఒక మనిషి. ఒక కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. చేతిలో ఒక పాత కొళాయి పిడి. వెలుగు పడ్డాక కూడా ఆ చెయ్యి గొట్టాన్ని కొడుతూనే ఉంది.

"బాబాయీ!"

ఆ కేకకి చెయ్యి ఆగింది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగి పైకి తీశారు. పెదాలు పగిలిపోయాయి, ఒళ్ళు మంచులా ఉంది, నాడి సన్నగా ఉంది. కానీ ఉంది. గుంట గోడల్లో ఊరిన నీళ్ళు ఆయన్ని బతికించాయి. ఇంకో ఆంబులెన్సుకి ఇస్త్రీ ఫోన్ చేస్తుంటే నేను తడి గుడ్డతో పెదాలు తడిపాను. ఇది ఏ రోజో తెలుసా అని అడిగాను. లెక్క తప్పానన్నాడు. తన పేరు, అన్నయ్య పేరు తడబడకుండా చెప్పాడు. నా కళ్ళలోకి చూసి మాట్లాడాడు, చూపు ఎటూ జారలేదు. ఈ మనిషి చెప్పేది నమ్మవచ్చు.

"ఎవరు నెట్టారు?"

చిన్నాయన నా భుజం మీదుగా అన్న కూతుర్ని చూశాడు. చెప్పాలా వద్దా అని ఆ మొహంలో పడిన బాధ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

"ఈ స్థలం అమ్మేద్దామని వెంటపడ్డాడు. అన్నయ్య నీ మాటే వింటాడు, నువ్వు ఊ అను చాలన్నాడు. చచ్చినా అననన్నాను." ఊపిరి కూడదీసుకున్నాడు. "మన అల్లుడమ్మా."

కూతురు తల అడ్డంగా ఊపింది, ఇంకా ఊపుతూనే ఉంది. నా బుర్రలో మాత్రం తెల్లటి కొత్త పొర కింద నల్లటి పాత పొర కదిలింది. చేతకానితనం కాదది. మావగారు అద్దంలో తనని చూసి ఉంటాడని అల్లుడి భయం. ఎంత చూశాడో తెలియదు. గాయాన్ని లోపల కుళ్ళనిచ్చి పైన శుభ్రంగా చుడితే, ఆ మనిషి ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. తర్వాత ఆ మనిషే ఉండడు. రోజూ మంచం పక్కన కూర్చుని, దిండు సర్దుతూ, మావగారికి ఏం గుర్తొస్తోందో వింటూ వచ్చాడు. అలాంటివాణ్ణి నేనే పిలిచి, పక్కన కూర్చోబెట్టి పంపించాను.

"మీ కానిస్టేబుల్‌కి ఫోన్ చెయ్యండి!" అని అరిచాను.

ఇస్త్రీ అప్పటికే చేస్తున్నాడు. "మోగుతోంది. ఎత్తడం లేదు."

ఈలోగా కూతురు తన ఫోన్ తీసి భర్తకి చేసేసింది. వద్దని నేను చెయ్యి ఊపేలోపే అవతల ఎత్తారు. కంగారులో ఆమె వేలు తగిలి స్పీకర్ నొక్కుకుంది. వచ్చింది భర్త గొంతు కాదు.

"ఎవరమ్మా, నువ్వేనా తల్లీ?"

పెద్దాయన. నీరసంగా ఉంది, కానీ తేటగా ఉంది. రైలు లేదు, గాజు ముక్కలు లేవు. వస్తూ పోతూ ఉండే తెలివి, సరిగ్గా ఇప్పుడే వచ్చింది.

"నాన్నా!" కూతురు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది. "ఎక్కడున్నావు నాన్నా?"

"ఆసుపత్రిలోనే. చుట్టూ తెరలు కట్టారు. పోలీసబ్బాయి చీటీ రాయించడానికి వెళ్ళాడు. అల్లుడుగారు ఫోన్ నా పక్కన పెట్టి ఏదో సూదిమందు కలుపుతున్నారు. అమ్మా, నాకంతా గుర్తొచ్చింది. చిన్నోణ్ణి నేను చంపలేదు. ఎవరో వెనక నుంచి నెట్టారు. అద్దంలో వీపే కనబడింది, మొహం కనబడలేదు. ఇప్పుడే అల్లుడుగారికి చెప్పాను. ఇంకెవరికీ చెప్పకండి మావయ్యా, నేను చూసుకుంటాను అన్నారు."

నేను ఆమె చేతిలోని ఫోన్ కోసం చెయ్యి చాపాను. ఒక్క క్షణం ఆలస్యమైంది. తండ్రి గొంతు మళ్ళీ తండ్రి గొంతులా విన్న ఆ పిల్ల నోటి నుంచి మాట జారిపోయింది.

"నాన్నా, బాబాయి దొరికాడు! బతికే ఉన్నాడు!"

అవతల పెద్దాయన ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు. "అల్లుడుగారూ, విన్నారా? మా చిన్నోడు బతికే ఉన్నాడట!"

ఇస్త్రీ జీపు వైపు పరుగెత్తాడు. ఫోన్‌లో గాజు సీసా కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఆ మెత్తటి గొంతు చాలా దగ్గరగా వినిపించింది.

"చాలా సంతోషం మావయ్యా. చెయ్యి ఇలా చాపండి."

లైను తెగిపోయింది.